డయాలసిస్ ఉచితమే, దాని చుట్టూ ఉన్నదే మా మీద పడుతోంది

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు అధికారులకు,

నమస్కారం.

మాది తిరుపతి జిల్లా పుత్తూరు. చిన్న జిరాక్స్ షాపు నడుపుకునేవాణ్ణి. రెండు కిడ్నీలూ పోయాక వారానికి మూడు రోజులు తిరుపతికి వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాను, మిగతా రోజుల్లో ఒంట్లో ఓపికుంటే షాపు తెరుస్తాను. పెన్షన్ కోసం, ఆసుపత్రి అనుమతుల కోసం జనం నా దగ్గరే కాగితాలు తీయించుకుంటారు, అప్లికేషన్లు రాయించుకుంటారు. కాబట్టి ఇది నా ఒక్కడి గోడు కాదు, నా చేతుల మీదుగా పోయిన కాగితాలన్నిటిదీ. ఎముక విరిగితే ఎక్కడెక్కడి వాళ్ళో పుత్తూరు కట్టు కోసం మా ఊరు వెతుక్కుంటూ వస్తారు. కిడ్నీ చెడితే మాత్రం మేమే బస్సెక్కాలి.

ముందు జరిగిన మేలు చెప్పుకోవాలి. 2007లో పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ మొదలైంది, ఇప్పటి వైద్యసేవ అదే. ప్రభుత్వం మారినప్పుడల్లా కార్డు మీద పేరు మారింది గానీ పథకం పోలేదు. ఏ పేరున్నా మాకు అభ్యంతరం లేదు, మెషిన్ తిరిగితే చాలు. డయాలసిస్ వాళ్ళకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ గత ప్రభుత్వం ఇచ్చింది. ఈ ప్రభుత్వం దాన్ని కొనసాగిస్తూ, డయాలసిస్ దాకా రాని దీర్ఘకాలిక కిడ్నీ రోగులకు కూడా 2024 జూలై నుంచి 5,000ను 10,000 చేసింది. తెలంగాణలో 2022లో డయాలసిస్ పేషెంట్లకు ఆసరా పెన్షన్ మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది 2,016 రూపాయలు. ఈ విషయంలో మన రాష్ట్రాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటి గడపలోకి వచ్చి ఆ డబ్బు చేతిలో పెడుతుంటే, మా బ్యాచ్‌లో, అంటే నాతోపాటే డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో, సగం ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది దానితోనే.

ఇక అసలు సంగతి. మీ లెక్కల్లో 'ఉచితం' అంటే మేం మెషిన్ మీద పడుకునే నాలుగు గంటలు. దానికి ముందూ వెనకా ఉన్నదంతా మా జేబులోంచే పోతోంది. పెన్షన్ డబ్బు ఇంటి ఖర్చుకని మీరనుకుంటున్నారు, అది ఇంజెక్షన్లకూ చార్జీలకూ పోతోంది.

ఇంజెక్షన్ల మాటే ముందు చెప్తాను. కిడ్నీలు ఒంట్లో మలినాలు తీసేయడమే కాదు, రక్తం తయారవ్వడానికి కావాల్సిన హార్మోన్ను కూడా పుట్టిస్తాయి. కిడ్నీ పోతే అదీ పోతుంది. అందుకే డయాలసిస్ పేషెంటుకు ఆ హార్మోన్‌కు బదులుగా ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్, దానితోపాటు ఐరన్ ఇంజెక్షన్ పడుతూనే ఉండాలి. ఎరిత్రోపోయిటిన్‌ను మేమంతా 'రక్తం ఇంజెక్షన్' అంటాం. అది లేకపోతే డయాలసిస్ ఎంత బాగా జరిగినా మనిషి లేవలేడు.

నగరిలో మగ్గాల దగ్గర పనిచేసే ఒక అక్క మా బ్యాచ్‌లోనే వస్తుంది. డయాలసిస్ అయిపోయి సూదులు తీసిన చోట దూది అదిమి పట్టుకుని కూర్చున్నప్పుడు, సిస్టర్ వచ్చి చీటీ ఇస్తుంది. "అక్కా, స్టాకు రాలేదు, ఈసారికి బయట తెచ్చుకో." అక్క ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో చీటీ. ఒకరోజు ఆధార్ కార్డు కోసం ఆ పర్సు తిరగేస్తే చీటీలే రాలాయి. అన్నీ ఒకే మందు పేరు, తేదీలే వేరు. ఆమె హీమోగ్లోబిన్ ఆరు దగ్గరికొచ్చింది. అప్పుడు రక్తం ఎక్కించారు. అదీ ఉచితమే లెండి, రక్తం ఇచ్చే మనిషిని వెతుక్కోవడం మాత్రం వాళ్ళాయన పని.

ఇక్కడ మీ డాక్టర్లను అడిగితే చెప్పే విషయం ఒకటుంది. ఇంజెక్షన్ ఇవ్వాల్సిన చోట మాటిమాటికీ రక్తం ఎక్కిస్తే, ఆ మనిషి ఒంట్లో పరాయి కణజాలానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు తయారవ్వొచ్చు. రేపు కిడ్నీ మార్పిడికి అవకాశం వచ్చినా, ఇంట్లోవాళ్ళే ఇస్తామన్నా, మ్యాచ్ కుదరడం కష్టమవుతుంది. అంటే ఈరోజు స్టాకు లేని ఇంజెక్షన్ రేపటి ట్రాన్స్‌ప్లాంట్‌కు అడ్డం పడుతుంది. మార్పిడి జరగని మనిషికి ప్రభుత్వం బతికినన్నాళ్ళూ డయాలసిస్ ఖర్చు పెట్టుకోవాలి. మామీద దయతో కాకపోయినా ఖజానా మీద ప్రేమతోనైనా ఇంజెక్షన్‌ను మీరు డయాలసిస్‌కు కట్టే ప్యాకేజీలో విడదీయరాని భాగం చేయండి. ఇంజెక్షన్ ఇచ్చినట్టు, ఆ నెల హీమోగ్లోబిన్ ఎంతో నమోదు చేసినట్టు ఉంటేనే సెంటరు బిల్లు పాసవ్వాలి.

రెండోది వారానికి మూడు అనే లెక్క. కిడ్నీ రాత్రీ పగలూ ఆగకుండా చేసే పనిని మెషిన్ పన్నెండు గంటల్లో చేయాలి. మూడు చేసినా సోమ, బుధ, శుక్ర బ్యాచ్ వాళ్ళకు శుక్రవారం నుంచి సోమవారం దాకా పెద్ద గ్యాప్ వస్తుంది. ఆ గ్యాప్ తర్వాతి రోజునే మరణాలూ గుండె సమస్యలూ ఎక్కువని అమెరికాలో డయాలసిస్ పేషెంట్ల మీద 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. సోమవారం పొద్దున మా సెంటర్లో బరువు తూచే మెషిన్ దగ్గర నిలబడితే చాలు, అధ్యయనం చదవక్కర్లేదు. ముఖాలు ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తుందని రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుని వచ్చినవాళ్ళే సగం మంది. డ్రై వెయిట్, అంటే అదనపు నీళ్ళు తీసేశాక ఉండాల్సిన బరువు, దానికంటే నాలుగైదు కిలోలు ఎక్కువ. అదంతా నీళ్ళే. అన్ని నీళ్ళు ఒకేసారి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి.

అలాంటిది పేషెంట్లు ఎక్కువై, మెషిన్లు చాలక కొన్నిచోట్ల రెండుతోనే సరిపెడుతున్నారు. "నీకు యూరిన్ వస్తోంది కదా, రెండు చాలు" అంటారు. కొందరికి నిజంగానే చాలవచ్చు. అది డాక్టరు నిర్ణయించాలి, మెషిన్ల లెక్క కాదు. రెండో నెలలోనో ఆరో నెలలోనో ఆ యూరిన్ కూడా ఆగిపోతుంది, షెడ్యూల్ మాత్రం రెండు దగ్గరే ఉంటుంది. డాక్టరు మూడు రాస్తే మూడూ జరిగాయా లేదా అన్నది మీ ట్రస్టు కంప్యూటర్లో కనపడుతుంది. తగ్గిన చోట ఎందుకు తగ్గిందో ఒక్క ఫోన్ చేసి పేషెంటునే అడిగించండి.

తిండీ నీళ్ళ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. మాది మామిడి జిల్లా. తోతాపురి కాలం వస్తే రోడ్డంతా ట్రాక్టర్లే. మా బ్యాచ్‌లో ఒక పెద్దాయనకు సొంత తోట ఉంది. కాయ కోసి లోడు ఎత్తించి వస్తాడు గానీ ముక్క నోట పెట్టడానికి లేదు. పండులో ఉండే పొటాషియం మా ఒంట్లో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. సంగటిలోకి ఊరిబిండి పచ్చడి వద్దు, చింతపండు పులుసు తగ్గించాలి, కొబ్బరి నీళ్ళు అసలు తాకకూడదు. ఇవన్నీ ఆయనకు ఎవరు చెప్పారనుకున్నారు? పక్క బెడ్ పేషెంటు. సెంటర్లో డైటీషియన్ అనే మనిషి ఉండాలని రూలుందో లేదో మాకు తెలీదు, నెలకోసారైనా వచ్చి మా తిండి మా భాషలో చెప్పే మనిషిని పంపండి. "ప్రొటీన్ తీసుకోండి" అంటే అర్థం కాదు, గుడ్డులో తెల్లసొన తిను అంటే అర్థమవుతుంది.

ఇప్పుడు టెన్షన్ పెడుతున్నది ఇన్సూరెన్సు. 2025 సెప్టెంబరులో క్యాబినెట్ ఆమోదించిన కొత్త విధానం ప్రకారం కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా ఇన్సూరెన్స్ కంపెనీ భరిస్తుంది, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు చూసుకుంటుంది. అందరికీ ఆరోగ్య బీమా అంటే మంచిదే, కాదనను. కానీ మా లెక్క ఒకసారి వేసి చూడండి. వారానికి మూడు చొప్పున ఏడాదికి 156 డయాలసిస్‌లు. ఒక్కోదానికి 1,500 రూపాయలు వేసుకున్నా 2,34,000 అవుతుంది. ఇక మిగిలేది 16,000. మెడలో పెట్టిన క్యాథెటర్ గొట్టానికి ఇన్ఫెక్షన్ వచ్చి రెండు రోజులు అడ్మిట్ అయితే అదీ అయిపోతుంది. అంటే ప్రతి డయాలసిస్ పేషెంటూ ప్రతి ఏడాదీ ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలోంచి ట్రస్టు చేతిలోకి మారే మనిషే. ఆ మారే రోజున ఏమవుతుంది? కంపెనీ 'మా లిమిట్ అయిపోయింది' అంటుంది, ట్రస్టు 'అప్రూవల్ పెండింగ్' అంటుంది, ఆ మధ్య వచ్చే బుధవారం మేం ఎవరి కంప్యూటర్ ముందు నిలబడాలి?

పైగా ఆ 2.5 లక్షలు కుటుంబం మొత్తానికి. నేనే దాన్ని తినేస్తే మా అమ్మకు గుండె నొప్పి వచ్చినప్పుడు ఏం మిగులుతుంది? తెల్ల కార్డు ఉంటే ట్రస్టు ఆదుకుంటుంది. లేనివాళ్ళకు 2.5 లక్షల దగ్గరే గీత. చిన్న ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ, ఇన్‌కం ట్యాక్స్ రిటర్ను వేసిన పాపానికి కార్డు లేనివాళ్ళు మా దగ్గర చాలామందే ఉన్నారు. కిడ్నీ పోయిన ఏడాదికే ఆ ఉద్యోగమూ పోతుంది, ఆన్‌లైన్‌లో మాత్రం వాళ్ళింకా సంపాదించేవాళ్ళే.

నాకు తోచిన పరిష్కారం చెప్తాను, మీకు అంతకన్నా మంచిది తెలిసుండొచ్చు. డయాలసిస్‌ను ఈ 2.5 లక్షల లెక్కలోంచే బయట పెట్టండి. ఇన్సూరెన్స్ అనేది ఎప్పుడో వచ్చే జబ్బుకు. మాది ఎప్పుడు వస్తుందో, ఎన్నిసార్లు వస్తుందో, ఎంతవుతుందో ముందే తెలిసిన ఖర్చు. దాన్ని కంపెనీకి అప్పగించి మళ్ళీ వెనక్కి తీసుకోవడమెందుకు? మొదటి రోజు నుంచీ ట్రస్టే నేరుగా కట్టాలి, కార్డు రంగుతో పనిలేకుండా.

బకాయిల గొడవ కూడా దీనికి ముడిపడిందే. 2025 అక్టోబరులో ప్రభుత్వం కట్టాల్సిన బకాయిల కోసం పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవలు ఆపేస్తామన్నప్పుడు మా బ్యాచ్‌లో ఎవరికీ నిద్ర లేదు. ఆసుపత్రులది తప్పనను, వాళ్ళూ జీతాలు ఇవ్వాలి కదా. కానీ హెర్నియా ఆపరేషన్ రెండు వారాలు ఆగుతుంది, మోకాలి ఆపరేషన్ రెండు నెలలైనా ఆగుతుంది. డయాలసిస్ వారం రోజులు ఆగితే ప్రాణం మీదికే వస్తుంది. డయాలసిస్ బిల్లులకు వేరే ఖాతా పెట్టి నెలనెలా పెన్షన్లు ఇచ్చినంత ఠంచనుగా కట్టేస్తే, రేపు ఎవరు ఏ గొడవ పెట్టుకున్నా మా మెషిన్ ఆగదు. ఒకటో తారీఖున లక్షల ఇళ్ళకు డబ్బు చేర్చగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెప్తాను. డయాలసిస్‌కు వెళ్ళే కిడ్నీ పేషెంటుకూ తోడు వెళ్ళే మనిషికీ రైల్వే వాళ్ళు సెకండ్ క్లాసులో, స్లీపర్లో 75 శాతం రాయితీ ఇస్తారు. మా ఊరికి రైలుంది, కానీ మా షిఫ్టు వేళలకు అది కుదరదు. బస్సే గతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక నాకు తోడొచ్చే మా ఇంటావిడ ఉచితంగా వస్తోంది, జబ్బుపడ్డ నేను టికెట్టు కొంటున్నాను. కండక్టరు కూడా నవ్వుతాడు. వికలాంగుల రాయితీ అడుగుదామంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో కిడ్నీ జబ్బు లేదు. హీమోఫిలియా, తలసీమియా ఉన్నాయి, మాది లేదు. చట్టం కేంద్రానిది, బస్సు మనది. పేషెంటు మగవాడైనా ఆడమనిషైనా, తోడొచ్చేది కొడుకైనా కూతురైనా, ఇద్దరికీ కలిపి ఒక పాస్ ఇప్పించండి. మూడో షిఫ్టు అయ్యేసరికి రాత్రవుతుంది. పిచ్చాటూరు, సత్యవేడు వైపు వెళ్ళేవాళ్ళకు ఆ వేళప్పుడు బస్సు దొరకదు, ఆటోకు అడిగినంత ఇవ్వాలి. దూరం నుంచి వచ్చేవాళ్ళకు మొదటి షిఫ్టులు కేటాయించమని సెంటర్లకు ఒక సర్క్యులర్ పంపడానికి పైసా ఖర్చు లేదు.

అసలు దూరపు ఊళ్ళ నుంచి పేషెంట్లు ఇంత దూరం తిరగాల్సిన పని తగ్గించే దారి ఒకటుంది. పొట్టలోకి ద్రావణం పంపి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్. దీనికోసం కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రి తిరుపతిలోనే ఉంది, నేర్పించడానికి డాక్టర్లున్నారు. బ్యాగులు నెలనెలా ఇంటికి చేరాలి, శుభ్రంగా చేసుకునే గది ఉండాలి. అందరికీ కుదరదు. కుదిరేవాళ్ళకైనా బ్యాగుల ఖర్చు పూర్తిగా భరిస్తే ఒక మెషిన్ ఖాళీ అవుతుంది, అది మాలాంటివాళ్ళకు పనికొస్తుంది.

సెంటర్ల నాణ్యత గురించి రెండు ముక్కలు. ఒక్కో డయాలసిస్‌లో మా రక్తం పక్కనుంచి దాదాపు 120 లీటర్ల నీళ్ళు పోతాయి, మధ్యలో సన్నటి పొరే అడ్డం. ఆ నీళ్ళ ఆర్వో ప్లాంటు ఎప్పుడు పరీక్షించారో, రిపోర్టు ఏమొచ్చిందో గోడమీద అతికించమనండి. ఇంకోటి, కరెంటు. ఒకసారి కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదు. టెక్నీషియన్ కుర్రాళ్ళు ఇద్దరు మెషిన్ నుంచి మెషిన్‌కు పరిగెత్తి, పంపుకు ఉన్న పిడి పట్టుకుని చేత్తో తిప్పుతూ మా రక్తం మాకు వెనక్కి ఎక్కించారు. పైపులో ఆగితే గడ్డకడుతుంది, ఆ రక్తం పోయినట్టే. పక్క బెడ్ పెద్దాయన "నిదానం అబ్బోడా, నేనెక్కడికీ పోను" అన్నాడు, అందరం నవ్వాం. ఆ కుర్రాళ్ళ జీతాలెంతో, ఎన్నాళ్ళకోసారి వస్తాయో కూడా మీ తనిఖీలో చూడండి. మేం బతుకుతున్నది వాళ్ళ చేతుల్లో.

ఇక కొత్తగా వచ్చేవాళ్ళు. శ్రీకాకుళం వైపు ఉద్దానంలో కారణం అంతుపట్టని కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రమంతటికీ తెలుసు, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ వచ్చాయి, రావాల్సిందే. మా వైపు కిడ్నీలు పోవడంలో అంత మిస్టరీ ఏమీ లేదు. షుగరు, బీపీ, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు. షుగరు బిళ్ళలు నెలనెలా ఇచ్చే పీహెచ్‌సీలోనే ఏడాదికోసారి కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో అల్బుమిన్ చూస్తే చాలామందిని ఏళ్ళ తరబడి మెషిన్‌కు దూరంగా ఉంచొచ్చు. దూరంగా ఉంచలేకపోయినా ముందే తెలిస్తే చేతికి ఫిస్టులా వేయించుకుంటారు, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాలు కలిపే ఆపరేషన్. అది పనికొచ్చేలా తయారవ్వడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మా దగ్గర ఎక్కువమంది ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి చేరి, మెడలో క్యాథెటర్‌తో మొదలుపెడతారు. చలిజ్వరం, ఇన్ఫెక్షన్, అడ్మిషన్, అప్పు అన్నీ అక్కడినుంచే మొదలు.

అప్పుల కాగితాలు కూడా నా షాపుకే వస్తాయి. చూసింది చెప్తున్నాను, మనిషి కుదేలయ్యేది డయాలసిస్ మొదలైన తొలి నెలల్లోనే. పని మానేస్తాడు, నగలు కుదువకు పోతాయి, పెన్షన్ మాత్రం కాగితాలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాకే వస్తుంది. ఆ మనిషి డయాలసిస్ చేయించుకుంటున్నాడని ట్రస్టు దగ్గర మొదటి రోజే రికార్డు ఉంటుంది. బిల్లు కట్టేది మీరే కదా. అదే రికార్డు చూసి పెన్షన్ మంజూరు చేయొచ్చు, మళ్ళీ సర్టిఫికెట్లు, జిరాక్సులు అక్కర్లేదు. నా షాపుకు గిరాకీ తగ్గినా ఫర్వాలేదు.

చివరిగా ఒక బోర్డు. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయి, ఏ ఇంజెక్షన్ ఉచితం, ఏ రక్త పరీక్ష నెలకు ఎన్నిసార్లు చేయాలి, డబ్బులడిగితే 104కు ఎలా చెప్పాలి, ఇవన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ప్రతి డయాలసిస్ సెంటర్లో బెడ్ల మీద పడుకున్నవాళ్ళకు కనపడేట్టు పెట్టించండి. ఇప్పుడు అడిగితే సెంటరు వాళ్ళు డెస్కు దగ్గరికి పొమ్మంటారు, డెస్కులో కూర్చునే పథకం ఉద్యోగి 'మిత్ర' ఏమో డాక్టరును అడగమంటారు. పైన అడిగినవాటిలో కొన్నిటికి బడ్జెట్ దాకా ఆగమంటే ఆగుతాం. బోర్డుకు అంత సమయం పట్టదు, ఈ నెలలోనే పెట్టించండి.

ఇట్లు,
పుత్తూరు నుంచి
ఒక డయాలసిస్ పేషెంటు